రొట్టె నమలలేని రెండు నెలలు, పల్లీ పాల సూపు

మా అమ్మకు పోయిన నవంబరులో పై వరస పళ్లన్నీ తీయించాల్సి వచ్చింది. ఏళ్లుగా కదులుతున్నవే. ఒకటి రెండు వాటంతటవే ఊడిపోయాయి, మిగిలినవి రాత్రిళ్లు నిద్ర లేకుండా నొప్పి పెడుతుంటే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం, ఇంకా ఉంచి లాభం లేదన్నారు. మూడు విడతల్లో తీశారు. చిగుళ్లు మానాక కొలతలు తీసుకుని పళ్ల సెట్టు చేస్తామని, అందుకు రెండు నెలలైనా పడుతుందని చెప్పారు. అప్పటిదాకా మెత్తటివే తినాలి, మరీ వేడివి తాగొద్దు, స్ట్రాతో అసలు పీల్చొద్దు, పీలిస్తే పన్ను తీసిన చోట గడ్డకట్టిన నెత్తురు ఊడి వచ్చి పుండు మానదు అన్నారు. ఇవన్నీ విని ఆటోలో కూర్చున్నాక అమ్మ అడిగింది ఒక్కటే మాట. "మరి రొట్టె?"

జొన్న రొట్టె లేకుండా అమ్మకు పూట గడవదు. పుట్టింది కల్వకుర్తి వైపు పల్లెలో. అక్కడ ఆమె చిన్నప్పుడు వరి అన్నం పండక్కే, మిగతా రోజుల్లో జొన్న గటకో, జొన్న రొట్టో, అందులోకి పల్లీ తొక్కు. మేం మహబూబ్‌నగర్ మెట్టుగడ్డకు వచ్చి ఇరవై ఏళ్లు దాటినా సాయంత్రం ఆమె చేతి చప్పుడు వినిపించాల్సిందే, పీట మీద పిండి ముద్దను తట్టి తట్టి పలచగా చేసే చప్పుడు. ఆ రెండు నెలలూ ఆ చప్పుడు లేదు. మాకు చేసి పెడతానంది కానీ తను తినలేనిది మాకు చేయించుకోవడం నాకు మనసొప్పలేదు.

మొదటి వారం పప్పు బువ్వ, ఇడ్లీ, మెత్తటి కిచిడీతో గడిచింది. రెండో వారానికి అమ్మకు విసుగొచ్చింది, సగం తిని పక్కన పెట్టడం మొదలైంది. పాలు ఇద్దామంటే పడవు. నలభై దాటినప్పటి నుంచీ అంతే, గ్లాసుడు పాలు తాగితే కడుపు ఉబ్బి గడబిడ మొదలవుతుంది. చాలామంది పెద్దవాళ్లకు ఉండేదే ఇది, పాలలో ఉండే లాక్టోజ్ అనే చక్కెరను అరిగించే రసం వయసుతో పాటు తగ్గిపోతుంది. సల్ల మాత్రం కొంచెం కొంచెంగా పడుతుంది, తోడుకునేటప్పుడు ఆ చక్కెరలో కొంత పులిసిపోతుంది కాబట్టి.

అప్పుడు అమ్మకు ఒక సూపు గుర్తొచ్చింది. అంతకు ముందు వేసవిలో చుట్టాల పెండ్లికి పోతే అక్కడ భోజనాల ముందు కప్పుల్లో కూరగాయల సూపు ఇచ్చారు, తెల్లగా, చిక్కగా, నాలుక మీద జారిపోయేలా ఉంది. వడ్డించే అబ్బాయిని ఇందులో పాలున్నాయా అని నేనే అడిగాను, లేవన్నాడు, ఒట్టి కూరగాయలే అన్నాడు. అమ్మ ఇష్టంగా రెండు కప్పులు తాగింది. ఆ రాత్రి తెల్లవార్లూ బాత్రూంకి తిరుగుతూనే ఉంది. అందులో క్రీమ్, వెన్న రెండూ దండిగా పోశారని వంట దగ్గర ఉన్న చుట్టం ఒకాయన తర్వాత చెప్పాడు. ఆ వడ్డించే అబ్బాయి తెలియక అన్నాడో, పట్టించుకోక అన్నాడో గానీ, అడిగినప్పుడు నిజం చెప్పాలి కదా. ఒక ముసలామె రాత్రంతా అవస్థ పడింది.

అయినా ఆ రుచి అమ్మ మర్చిపోలేదు. "ఆ పెండ్లిల తాగిన సూపు లెక్క ఇంట్ల చెయ్యరాదురా? కడుపుల గడబిడ కాకుంట" అంది. అప్పుడే మా బిడ్డ సెలవులకు హైదరాబాద్ నుంచి వస్తోంది. ఏడాదిగా అది పాలు, పెరుగు, నెయ్యి, తేనె అన్నీ మానేసింది, వీగన్ అంటారే, అది. జంతువుల నుంచి వచ్చేది ఏదీ వద్దని దాని నిర్ణయం, నేను మొదట్లో గట్టిగానే వాదించాను, తర్వాత దాని పట్టుదల చూసి ఊరుకున్నాను. అంటే ఒకే ఇంట్లో ఒకరికి పాలు పడవు, ఒకరు పాలు ముట్టరు. ఇద్దరికీ కలిపి ఒకే గిన్నె సూపు, అదీ కమ్మగా ఉండాలి. పట్టుబట్టి కూర్చున్నాను.

ముందు తేలికైన దారి చూశాను. దుకాణంలో సూపు పొడి ప్యాకెట్లు తిప్పి తిప్పి చదివితే సగం వాటిలో పాల పొడో, వెన్న తీసిన పాల పదార్థమో ఏదో ఒకటి ఉంది. వాటి మీద ఆకుపచ్చ చుక్క ఉంటుంది. ఆ చుక్క చూసి మోసపోవద్దు, అది శాకాహారం అని చెప్తుందంతే, పాలు లేవని చెప్పదు. పాలు కూడా లేనివాటికి వేరే గుర్తు ఉంది, ఆకుపచ్చ రంగులో వీ అక్షరం, దాని మీద చిన్న ఆకు. వీగన్ ఆహారం మీద 2022లో కేంద్ర ఆహార భద్రతా సంస్థ నిబంధనలు తెచ్చింది, ఆ గుర్తు వాటిలోదే. మా వైపు దుకాణాల్లో ఆ గుర్తున్న సూపు ప్యాకెట్ నాకు ఒక్కటీ దొరకలేదు. దొరికినా అందులో ఉప్పు ఎక్కువ, అమ్మకు బీపీ ఉంది. ఇంట్లో చేసుకోవడమే మంచిది.

క్రీమ్ లేకుండా చిక్కదనం ఎట్లా వస్తుంది అన్నదే అసలు ప్రశ్న. నేను మొదట ఆలుగడ్డను నమ్ముకున్నాను. రెండు పెద్ద ఆలుగడ్డలు, క్యారెట్, సొరకాయ ఉడకబెట్టి అన్నీ కలిపి మిక్సీలో బాగా తిప్పాను, మెత్తగా కావాలి కదా అని ఇంకా ఇంకా తిప్పాను. గంటెతో ఎత్తితే జిగురులా సాగింది. గోడకు పోస్టర్లు అంటించే మైదా బంక చూశారా, అచ్చం అట్లా. ఎందుకంటే ఆలుగడ్డలో ఉన్న గంజి పదార్థం మిక్సీ బ్లేడు వేగానికి పూర్తిగా బయటికొచ్చేసి బంకగా మారుతుంది. ఆలుగడ్డ వేయాలంటే చిన్నది ఒక్కటే వేయాలి, దాన్ని కూడా మిక్సీకి ఇవ్వకుండా పప్పుగుత్తితో మెదిపి కలపాలి.

రెండోసారి పల్లీలు వాడాను. జీడిపప్పు నానబెట్టి రుబ్బితే బాగుంటుందని చాలామంది చెప్తారు, నిజమే, కానీ రోజూ చేసే దానికి జీడిపప్పు ఏం కొంటాం, పక్కనే బాదేపల్లి మార్కెట్‌కు పల్లీలు బస్తాలకు బస్తాలు వస్తుంటే. వనపర్తి, నాగర్‌కర్నూల్, గద్వాల, అచ్చంపేట, ఎటు పోయినా యాసంగిలో పల్లీ చేన్లే కదా మన పాలమూరులో. నీళ్లు వచ్చిన చోట వరి పెరిగింది నిజమే, అయినా ఎర్ర చెలకల్లో పల్లీని కొట్టే పంట లేదు. కొబ్బరి పాలు కూడా ఒకసారి పోసి చూశాను. చిక్కదనం బాగానే వచ్చింది గానీ గిన్నె నిండా కొబ్బరి వాసనే, కూరగాయల రుచి తెలియలేదు, అమ్మ ఒక గుటక వేసి పక్కన పెట్టింది.

పల్లీలతో నేను చేసిన మొదటి తప్పు, గోలించి రుబ్బడం. మన చేతికి అదే అలవాటు కదా, పల్లీ అనగానే పెనం మీద వేస్తాం. సూపు గోధుమ రంగుకు తిరిగింది, పల్లీ తొక్కులో నీళ్లు పోసి కాచినట్టు వాసన. రెండో తప్పు, రెండు టమాటాలు వేయడం. పల్లీ పాలు పోసి మళ్లీ మరిగించేసరికి పాలు విరిగినట్టు సన్నటి పలుకులు తేలాయి, నీళ్లు వేరు, పలుకులు వేరు. అమ్మ గిన్నెలోకి వంగి చూసి అడిగింది, "పల్లీలు గోలిచ్చినవా?" అవునన్నాను. "సూపుకు గోలియ్యొద్దు కొడుకా. ఉడకబెట్టు. చేన్ల పల్లికాయ ఉడకబెట్టుకొని తినలే? దానికి ఆ తొక్కు వాసన ఉంటదా?"

ఆ మాటతో నాకు దారి దొరికింది. ఉడకబెట్టిన పల్లికాయ రుచి మన వైపు పిల్లలకు ఎవరికీ చెప్పక్కర్లేదు. సంక్రాంతి అటూ ఇటూగా పల్లీ చేను పీకేటప్పుడు ఒక మూలన రాళ్ల పొయ్యి మీద గిన్నె పెట్టి, మన్ను కడిగిన పచ్చి పల్లికాయలు ఉప్పు వేసి ఉడకబెట్టేవాళ్లు. అమ్మ కూలికి పోతే నేను వెనకాలే పోయేవాణ్ని. కాయ నొక్కితే ఉప్పునీళ్లు పెదాల మీద చిమ్మేవి, లోపల గింజ వెన్నలా మెత్తగా, తియ్యగా. ఆ మెత్తదనమే కదా మనం సూపులో వెతుక్కునేది.

దీని వెనక సంగతి కూడా చదివి తెలుసుకున్నాను, తెలుసుకున్నాక చేయి కుదిరింది. పల్లీ గింజలో దాదాపు సగం నూనే. నాలుగో వంతు మాంసకృత్తులు. నీళ్లతో మెత్తగా రుబ్బినప్పుడు ఆ నూనె కంటికి ఆననంత చిన్న చిన్న బొట్లుగా విడిపోతుంది, మాంసకృత్తులు ఒక్కో బొట్టు చుట్టూ పొరలా పట్టుకుని మళ్లీ ఒకదానితో ఒకటి కలవకుండా ఆపుతాయి. బర్రె పాలు తెల్లగా, కమ్మగా ఉండటానికీ ఇదే కారణం, అక్కడ వెన్న బొట్లు, ఇక్కడ పల్లీ నూనె బొట్లు. పులుపు తగిలి పైగా మరిగిందంటే ఆ మాంసకృత్తులు ముద్ద కట్టేస్తాయి, పాలలో నిమ్మకాయ పిండినట్టే. అందుకే నా టమాటా సూపు విరిగింది. పల్లీ పాలు చివర్లో, సన్న సెగ మీదే పోయాలి. పులుపు కావాలంటే దించి గోరువెచ్చగా అయ్యాక ఎవరి గిన్నెలో వాళ్లు నాలుగు చుక్కలు నిమ్మరసం పిండుకోవాలి.

ఇక ఇప్పుడు మా ఇంట్లో చేసే పద్ధతి చెప్తాను, నలుగురికి సరిపోతుంది.

రాత్రి అర కప్పు పల్లీలు, అంటే డెబ్బై అయిదు గ్రాముల దాకా, ఏరి కడిగి నానబోయాలి. ఏరడం అన్నాను చూడండి, అది మాత్రం వదిలేయొద్దు. అమ్మ చాటలో పోసుకుని కూర్చుంటుంది, కళ్లజోడు కూడా పెట్టుకోదు. చాటను ఒక్క ఊపు ఊపితే తేలికైన గింజలు ముందుకు వస్తాయి, వాటిని వేలితో పక్కకు లాగేస్తుంది. ముడతలు పడ్డది, నల్లబడ్డది, కొసన ఆకుపచ్చగా బూజు పట్టింది ఏదీ ఆమె వేళ్లను దాటి పోదు. అనుమానం వస్తే గింజను రెండుగా చీల్చి ముక్కు దగ్గర పెట్టుకుంటుంది. బూజు పట్టిన పల్లీలో ఆఫ్లటాక్సిన్ అనే విషం ఉండొచ్చు, అది కాలేయాన్ని దెబ్బ తీస్తుంది, ఉడికించినా గోలించినా పూర్తిగా పోదు. కాబట్టి చేదు గింజ ఒక్కటి నోట్లో పడ్డా ఉమ్మేయండి, మింగొద్దు.

పొద్దున ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లు పోసి, చిటికెడు ఉప్పుతో కుక్కర్లో పెట్టి నాలుగు విజిల్స్ వచ్చాక సెగ తగ్గించి ఇంకో పది నిమిషాలు ఉంచుతాను. గింజ రెండు వేళ్ల మధ్య నలిపితే పేస్టు కావాలి, పలుకు తగలొద్దు. పచ్చి పల్లీలు నానబెట్టి అట్లాగే రుబ్బి పోసే వాళ్లున్నారు, వద్దు, పచ్చి వాసనే కాదు, పచ్చి గింజలో మాంసకృత్తులను అరగనీయని పదార్థాలు ఉంటాయి, బాగా ఉడికితేనే అవి పోతాయి. చల్లారాక నీళ్లలో అరచేతులతో రుద్దితే పొట్టు పైకి తేలుతుంది, వంచేయండి. పొట్టు ఉంటే సూపు రంగు మారడమే కాదు, కొంచెం వగరు వస్తుంది.

రుబ్బేటప్పుడు నీళ్లు ఒకేసారి పోస్తే గింజలు నీళ్లలో ఎగురుతాయి తప్ప నలగవు. ముందు రెండు మూడు చెంచాలే పోసి గట్టి ముద్దగా, వేలికి రవ్వ తగలనంత మెత్తగా చేసి, ఆ తర్వాత ఒకటిన్నర కప్పు నీళ్లు పోసి ఇంకోసారి తిప్పాలి. అమ్మ చిగుళ్లు పచ్చిగా ఉన్న రోజుల్లో పలచటి నూలు గుడ్డలో వడగట్టేవాణ్ని, చిన్న పలుకు గుచ్చుకున్నా ఆమెకు నొప్పి. మిగిలిన పిప్పిని పారేయొద్దు, రొట్టె పిండిలో కలిపితే రొట్టె మెత్తగా వస్తుంది. ఇప్పుడు వడగట్టడం మానేశాను, పీచు ఎందుకు పోగొట్టుకోవాలి.

కూరగాయలు మీ ఇష్టం, కానీ తియ్యటి గుమ్మడికాయ ఒక ముక్క ఉండాలని నా మాట. అది ఉడికితే దానంతట అదే వెన్నలా అవుతుంది, రంగు కూడా చూడగానే తాగాలనిపించేలా వస్తుంది. పావు కిలో గుమ్మడికాయ, అంతే సొరకాయ, ఒక క్యారెట్, చిన్న ఆలుగడ్డ ఒకటి, పెద్ద ఉల్లిగడ్డ ఒకటి, అయిదారు ఎల్లిపాయ రెబ్బలు, గోరంత అల్లం. సొరకాయ కోయగానే చిన్న ముక్క నాలుక మీద పెట్టి చూడండి. చేదుగా ఉందంటే ఆ కాయ మొత్తం పారేయాల్సిందే, చేదు సొరకాయ తిని వాంతులు, విరేచనాలతో ఆస్పత్రి పాలైనవాళ్లు ఉన్నారు. ఉడికిస్తే పోయే చేదు కాదది.

మందపాటి గిన్నెలో రెండు చెంచాల పల్లీ నూనె వేసి ఉల్లిగడ్డ ముక్కలు, చిటికెడు ఉప్పు వేసి మూత పెట్టి సన్న సెగ మీద పది నిమిషాలు వదిలేయండి. తొందరపడొద్దు, ఇక్కడే రుచి ఉంది. ఉల్లిగడ్డ ఎర్రబడకూడదు, అద్దంలా మెరిసి మెత్తబడి దానిలోని తీపి బయటికి రావాలి. మామూలు కూరకు గోలించినట్టు ఎర్రగా గోలిస్తే సూపుకు కూర వాసన వస్తుంది. తర్వాత ఎల్లిపాయ, అల్లం, ఆలుగడ్డ, క్యారెట్, వాటి తర్వాత గుమ్మడికాయ, చివర్లో సొరకాయ. సొరకాయలో ఉండేదంతా నీళ్లే కాబట్టి రెండున్నర కప్పుల నీళ్లు చాలు. అన్నీ మెత్తబడేదాకా ఉడికించి, ఆలుగడ్డ ముక్కలు పక్కకు తీసి, మిగతావి చల్లార్చాలి.

చల్లార్చాలి అని రెండుసార్లు రాయాలనిపిస్తోంది. మూడోసారి చేసిన రోజు నేను ఆగలేదు. అమ్మ ఆకలిగా ఉంది అన్న ఆత్రంలో పొగలు కక్కుతున్న ముక్కలు జార్ నిండా వేసి మూత బిగించి మిక్సీ తిప్పాను, అర క్షణం, మూత ఎగిరిపోయింది. వేడి ముద్ద లోపల ఒక్కసారిగా కదిలితే ఆవిరి పెరిగి మూతను తన్నేస్తుంది. గోడ మీద, కిటికీ మీద, నా కుడి మణికట్టు మీద పడింది. బొబ్బలెక్కింది. నా భార్య వెంటనే చెయ్యి నల్లా కింద పెట్టించి ఇరవై నిమిషాలు తీయనీయలేదు, పేస్టు రాద్దామన్న పక్కింటామెను కూడా వద్దంది, అదే మంచిదైంది. మచ్చ ఇప్పటికీ ఉంది. గోరువెచ్చగా అయ్యాకే వేయండి, జార్‌లో సగానికి మించి వేయొద్దు, ఓపిక లేకపోతే పప్పుగుత్తితోనే మెదపండి, కొంచెం ముతగ్గా ఉన్నా చేతులు కాలవు.

రుబ్బిన కూరగాయలు, మెదిపిన ఆలుగడ్డ మళ్లీ గిన్నెలో పోసి సన్న సెగ మీద పెట్టి, ఒక పెద్ద చెంచా జొన్న పిండిని పావు కప్పు చన్నీళ్లలో ఉండలు లేకుండా కలిపి గంటె తిప్పుతూ పోయాలి. ఇది అమ్మ కోసం పెట్టిన అలవాటు. రొట్టె తినలేకపోతోంది కదా, కనీసం జొన్న వాసనైనా తగలాలని ఒక రోజు గిర్నిలో పట్టించిన పిండిని పొడి పెనం మీద వేడి చేసి కలిపాను. ఆమె గుటక వేసి ఆగింది. ఇంకో గుటక వేసింది. "దీంట్ల జొన్న ఉన్నది" అంది, నా వైపు చూడకుండా గిన్నెలోకి చూస్తూ. ఆ రోజు నుంచి జొన్న లేకుండా చేయలేదు. వేడి నీళ్లలో కలిపితే ఉండ కడుతుంది, చన్నీళ్లే వాడండి. పోసిన తర్వాత అయిదు నిమిషాలైనా ఉడకాలి, లేకపోతే పచ్చి పిండి వాసన. చల్లారే కొద్దీ ఇంకా చిక్కబడుతుంది కాబట్టి కావలసిన దానికన్నా కొంచెం పలచగా ఉన్నప్పుడే ఆపాలి.

ఆఖరున సెగ బాగా తగ్గించి పల్లీ పాలు పోసి, గిన్నె అంచుల్లో చిన్న బుడగలు కనబడగానే దించేయండి. తెర్లనీయొద్దు. ఉప్పు, అప్పుడే దంచిన మిరియాలు అర చెంచా, ఇష్టమైతే జీలకర్ర పొడి చిటికెడు. అమ్మకు మిరియాలు చిగుళ్లకు మండేవి, ఆమె గిన్నెలో మొదటి నెల వేయలేదు. పైన కొత్తిమీర.

మొదటిసారి సరిగ్గా కుదిరిన రోజు మా బిడ్డ ఇంట్లోనే ఉంది. చెంచాతో తీసి ఇది పాలు కాదా నానా అని రెండుసార్లు అడిగింది, నమ్మలేక వంటింట్లోకి వచ్చి చూసింది. తర్వాత నానమ్మ పక్కన చాప మీద కూర్చుని ఇద్దరూ తాగారు. దానికి ఈ తిండి మీద చాలా తెలుసు, నాకు నేర్పింది కూడా. వీగన్ అన్న మాట 1944లో ఇంగ్లండులో పుట్టిందని, అక్కడి కొద్దిమంది పాలు, గుడ్లు కూడా మానేసి తమకు ఒక పేరు ఉండాలని పెట్టుకున్నారని చెప్తే, నానమ్మ శ్రద్ధగా విని, "మా అవ్వకు బర్రె లేకుండె బిడ్డా, పాలు పండుగకు ఎవరన్న పోస్తె చూసుడే. గటక, పల్లి, ఆకుకూర, గదే తిండి" అంది. ఇద్దరూ ఆ మాట మీద చాలాసేపు మాట్లాడుకున్నారు. నేను వినుకుంటూ గిన్నెలు సర్దాను.

పాలు మానేసిన వాళ్లు రెండు విషయాలు పట్టించుకోవాలి, మా బిడ్డను చూసి నేర్చుకున్నవే. ఒకటి, బీ12 విటమిన్ మొక్కల్లో దొరకదు, సూపు ఎన్ని గిన్నెలు తాగినా రాదు, మాత్రో, అది కలిపిన ఆహారమో తప్పనిసరి, మా బిడ్డ డాక్టర్ని అడిగి వేసుకుంటోంది. రెండు, కాల్షియం. అందుకని వారంలో రెండు రోజులు జొన్న పిండి బదులు తైద పిండి, అంటే రాగి పిండి వాడతాను. వంద గ్రాముల తైదల్లో మూడు వందల మిల్లీగ్రాముల పైనే కాల్షియం ఉంటుంది, ధాన్యాల్లో దానికి సాటి లేదు. సూపు కొంచెం గోధుమ రంగుకు తిరుగుతుంది, రుచి బాగుంటుంది, తైద అంబలి తాగిన వాళ్లకు ఇంకా నచ్చుతుంది. ఒక చెంచా నువ్వులు పల్లీలతో కలిపి రుబ్బినా మంచిదే, కానీ అంతకు మించితే చేదు తగులుతుంది. పల్లీ లెక్కకు వస్తే, ఈ అర కప్పు పల్లీల్లో పద్దెనిమిది గ్రాముల పైనే మాంసకృత్తులు ఉంటాయి, నలుగురికి పంచితే ఒక్కొక్కరికి నాలుగైదు గ్రాములు. రోజంతా రెండు ముద్దలు తినని అమ్మకు ఆ రోజుల్లో అదే ఆసరా.

ఇంట్లో ఎవరికైనా పల్లీ పడదంటే మాత్రం ఇది చేయొద్దు. కొంతమందికి ఒక్క గింజతోనే ఒళ్లంతా దద్దుర్లు, ఊపిరాడకపోవడం జరుగుతుంది. వాళ్లకు గుమ్మడికాయ, జొన్న పిండితోనే చేసి, నూనె కూడా పల్లీది కాకుండా వేరేది వాడండి, చిక్కదనానికి ఇబ్బంది లేదు, ఆ కమ్మదనం కొంచెం తగ్గుతుంది. ఇంకో సంగతి, మిగిలితే ఫ్రిజ్‌లో పెట్టి మర్నాటికి అయిపోగొట్టాలి. పల్లీ పాలు తొందరగా పులుస్తాయి, ఎండాకాలంలో అయితే బయట మూడు గంటలు కూడా ఉంచను. మళ్లీ వేడి చేసేటప్పుడు అరకప్పు నీళ్లు పోసి సన్న సెగ మీద తిప్పుతూ వేడి చేస్తే విరగదు.

జనవరిలో కొత్త పల్లీలు వచ్చాయి. ఊరి నుంచి మా చిన్నాయన కొడుకు సంచిలో పచ్చి పల్లికాయలు తెచ్చాడు, మన్ను వాసన ఇంకా పోలేదు. వాటితో చేసిన సూపు మాత్రం వేరు, నానబెట్టే పని లేదు, కాయతోనే ఉడకబెట్టి ఒలిచి రుబ్బితే పాలు చిక్కగా, తియ్యగా వచ్చాయి, ఉల్లిగడ్డ కూడా తక్కువే వేశాను. ఏడాదిలో ఆ నెల రోజులే దొరుకుతాయి, దొరికినప్పుడు వదులుకోవద్దు.

నెలాఖరుకు అమ్మకు పళ్ల సెట్టు వచ్చింది. మొదట్లో ఒరుసుకుని నొప్పి పెట్టింది, రెండుసార్లు పోయి సరిచేయించాం. మూడో రోజున పీట తీసుకుని వంటింట్లో కూర్చుంది, చాలా రోజుల తర్వాత ఆ చేతి చప్పుడు విన్నాం. మొదటి రొట్టె తనే విరుచుకుంది, తొక్కు ముందుంది, ముట్టలేదు. సూపు గిన్నె దగ్గరికి లాక్కుని రొట్టె ముక్క అందులో ముంచి, కొంచెం నాననిచ్చి, మెల్లగా నమిలింది. మిరియాలు వేయమంది ఈసారి, ఇంకొంచెం, ఇంకొంచెం అంటూ వేయించుకుంది. ఆ రాత్రి పడుకునే ముందు చాట ముందేసుకుని పల్లీలు ఏరి, నీళ్లలో పోసి, గిన్నె మీద మూత పెట్టి అప్పుడు పడుకుంది.